చెంచురామయ్య గారి భయమూ, వరంగల్ దాకా వెళ్ళిన కేసూ

కోర్టులకు ఎన్నో అధికారాలున్నాయి. జైల్లో పెట్టగలవు, జరిమానా వేయగలవు, ఇల్లూ వాకిలీ జప్తు చేయగలవు. నన్నడిగితే అవన్నీ చిన్నవి. అన్నిటికంటే దయగల అధికారం ఇంకొకటుంది. ఒక ఊళ్ళో జరగాల్సిన విచారణను అక్కడి నుంచి పెకలించి ఇంకో ఊళ్ళో నాటే అధికారం! దీన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు.

మీరే చెప్పండి, ఇంతటి సౌకర్యం ఇంకెక్కడైనా ఉందా? దవాఖానాకు పోయి, "ఈ ఊళ్ళో సూది వేయించుకోవాలంటే నాకు భయం, పక్క జిల్లాలో వేయించండి" అంటే నర్సమ్మ ఊరుకుంటుందా? రేషన్ షాపువాడితో, "ఇక్కడ క్యూలో నిలబడితే నాకు గుండె దడ, నా బియ్యం ఖమ్మంలో కొలవండి" అంటే వింటాడా? కోర్టు వింటుంది. భయపడేవాడి మాట ఓపిగ్గా వింటుంది. విని, కాగితాలతో సహా, సాక్షులతో సహా కేసును ఎత్తుకుపోయి, భయం లేని చోట దించుతుంది. కన్నతల్లి కూడా అంత ముద్దు చేయదు!

ఈ మధ్య చదువుకున్న పిల్లలు కొందరు ఈ అధికారం మీద రుసరుసలాడుతున్నారు. వాళ్ళకేం తెలుసు? నేను నాలుగో తరగతితో పలక పక్కన పెట్టినదాన్ని, సెక్షన్లు నాకు రావు. కానీ బూర్గంపాడులో బస్సు దొరకనివాళ్ళంతా కూర్చునేది మా అరుగు మీదే. అక్కడ విన్న మాట ఒక్కటి కూడా నేను మరిచిపోలేదు. అందుకని ఇప్పలగుంపు ముత్తక్క కథ చెప్తాను, వినండి. విన్న తర్వాత కూడా ఈ అధికారం మంచిది కాదంటే ఇక మీ ఇష్టం.

ఇప్పలగుంపు అడవి అంచున ఉన్న కోయవాళ్ళ ఊరు. గుంపుకీ అడవికీ మధ్యన చెంచురామయ్య గారి మొక్కజొన్న చేను. వాళ్ళ నాన్నగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నారు. చెంచురామయ్య గారు చెడ్డవారని నేననను. కనబడితే నిలబడి పలకరిస్తారు, కొత్త మిరపకాయలు వస్తే గుంపులో నాలుగిళ్ళకు పంపుతారు. ఆయనకు ఉన్న శత్రువులల్లా అడవిపందులు. వాటికోసం చేను చుట్టూ బోసితీగ లాగి, మోటారు దగ్గర నుంచి దానికి కరెంటు ఇచ్చారు.

ఆ తీగకు ఒక గొప్ప గుణం ఉంది. పొద్దు గూకాక వస్తుంది, తెల్లవారాక పోతుంది. ఆఫీసరు వస్తున్నాడంటే ఆయన జీపు కంటే ముందే మాయమవుతుంది. ఇంత మర్యాద తెలిసిన తీగను నేను ఇంకెక్కడా చూడలేదు.

ముత్తక్క మొగుడు దూలయ్యకు ఆ మర్యాద తెలియదు. ఇప్పపూలు రాలే కాలం. తెల్లవారకముందే పోయి ఏరుకోకపోతే దుప్పులు తినేస్తాయి. దూలయ్య ముందు నడుస్తున్నాడు, వెనక ముత్తక్క గంప పట్టుకుని నడుస్తోంది. "అగో, పంది తొక్కిన జాడ జూడు" అని వంగాడు. అంతే. మళ్ళీ లేవలేదు.

ముత్తక్క గుంపులోకి ఉరికి మనుషుల్ని పిలుచుకొచ్చేసరికి గుంజలున్నాయి, తీగ లేదు. పోలీసులు వచ్చేసరికి గుంజలు కూడా ఎందుకు పాతారో ఎవరికీ గుర్తులేదు. "పాపం, గుండె ఆగిపోయిందండీ" అన్నారు చెంచురామయ్య గారు. నిజమే కదా! కరెంటు తగిలితే గుండె ఆగక ఇంకేం చేస్తుంది?

దూలయ్య పడ్డప్పుడు తీగను చూసిన మనిషి ఒక్క ముత్తక్కే. కేసు నిలబడాలన్నా పడిపోవాలన్నా ఆమె నోట్లో నుంచి వచ్చే మాటతోనే.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇప్పలగుంపులో ఒక ఆచారం ఉంది. ఇంట్లో కన్నుమూసినవాడికి ఊరి చివర రాయి నిలబెడతారు. దారిలో పడి చనిపోయినవాడికి, పడిన చోటే నిలబెట్టాలి. నిలబెట్టి, ఇప్పసారా చుక్కలు పోసి, పేరు పెట్టి పిలవాలి. అప్పటిదాకా ఆ మనిషి ఇంటికీ రాడు, పైకీ పోడు. అక్కడే, పడిన చోటే, దారి తెలియక తిరుగుతుంటాడు.

ముత్తక్క వాగులో వెతికి మొగుడికి తగిన రాయి ఏరి తెచ్చుకుంది. కానీ పోలీసులు అటు పోగానే తీగ ఇటు వచ్చింది, ఈసారి పగలు కూడా పోలేదు! దూలయ్య పడిన చోటు సరిగ్గా తీగ కిందనే. రాయి ముత్తక్క గుడిసె గోడకు ఆనుకుని ఉండిపోయింది. దూలయ్య అన్న జంపయ్య గుంపుకు పెద్ద. ఆయన చెప్పాడు, "పంచాయితీ తేలనీ మరదలా. తేలకముందు పెడితే గొడవ మన మీదికే వస్తది."

సరే, తేలనీ అనుకుంది ముత్తక్క. ఎంతసేపు తేలాలి? కేసు భద్రాచలంలో పెట్టారు. గోదావరి వంతెన దాటితే చాలు. కోర్టులో ఉన్న అటెండరుకు కోయ భాష కూడా వచ్చు.

వాయిదా రోజున గుంపు మొత్తం పోయి కోర్టు ఆవరణలో కూర్చుంది. వాళ్ళ పద్ధతి అది. ఒకరింటి పంచాయితీకి అందరూ కూర్చోవాలి. కూర్చుని మాట్లాడరు, చూస్తారు. ఆ చూపులే చెంచురామయ్య గారిని చంపేశాయి! ఆయన కారు అద్దాలు ఎత్తుకుని, ఏసీ పెట్టుకుని, అందులోనే చెమటలు కక్కారు. ఆయన వకీలు అనిల్‌కుమార్ గారు వెంటనే హైకోర్టులో పిటిషన్ వేశారు. "స్థానిక వాతావరణం నా క్లయింటుకు ప్రతికూలంగా ఉన్నది. పెద్దసంఖ్యలో జనం మౌనంగా కూర్చుని తీక్షణంగా చూస్తున్నారు. నా క్లయింటు ప్రాణభయంతో ఉన్నాడు."

చూశారా! కరెంటు తీగ వేసినవాడికి ప్రాణభయం కలిగింది. భయం ఎవరికి కలగాలన్నది మనం నిర్ణయించేది కాదు కదా? కలిగిందంటే కలిగింది. కేసు ఖమ్మానికి మారింది.

దానివల్ల ముత్తక్కకు జరిగిన మేలు ఎంతని చెప్పను? పుట్టి బుద్ధెరిగాక గోదావరి ఇవతలా అవతలా తప్ప ఇంకో ఊరు చూడని మనిషి. కోర్టు పుణ్యమా అని కొత్తగూడెం చూసింది, జూలూరుపాడు చూసింది, ఏన్కూరు చూసింది, ఖమ్మం చూసింది. ఏన్కూరు మరీ బాగా చూసింది, అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ వాంతులయ్యేవి కాబట్టి. బస్సు దిగి రోడ్డు పక్కన కూర్చుని నిదానంగా చూసేది.

"టికెట్టు కూడా లేదు కదా, ఇంకేం బాధ?" అంటారు కొందరు. అవును మరి! ఆడవాళ్ళకు బస్సు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు కొట్టిస్తాడు. ఆమె పోగొట్టుకున్న కూలికి మాత్రం జీరో టికెట్టు కొట్టే మెషిన్ ఇంకా రాలేదు. వస్తుంది, తొందరపడకండి!

దుప్పులకు జరిగిన మేలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ముత్తక్క వాయిదాకు పోయిన రోజుల్లో రాలిన ఇప్పపూలన్నీ అవే తిన్నాయి. ట్రాన్స్‌ఫర్ వల్ల వన్యప్రాణి సంరక్షణ కూడా జరుగుతుందని ఏ పుస్తకంలోనైనా రాశారా?

మా చిన్నప్పుడు ఎంత వెనకబడి ఉండేవాళ్ళమో తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఏజెన్సీలో తగాదా వస్తే ఆఫీసరే జీపు వేసుకుని ఊళ్ళోకి వచ్చేవాడు. బడి వరండాలో బల్ల వేయించుకుని కూర్చునేవాడు. సాక్షి అంబలి తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చి చూసింది చెప్పి, మళ్ళీ చేలోకి పోయేవాడు. తగాదా గట్టు గురించైతే ఆఫీసరు బూట్లు విప్పి గట్టెక్కి చూసేవాడు. ఎంత అనాగరికం! న్యాయం కాళ్ళకు బురద అంటించుకుని తిరగడమేమిటి? ఇప్పుడు బురదే బస్సెక్కి న్యాయం దగ్గరికి పోతోంది. ఇది కదా అభివృద్ధి!

ఒకరోజు ముత్తక్కా జంపయ్యా మా అరుగు మీద బస్సు కోసం కూర్చున్నారు. జంపయ్య దిగాలుగా ఉన్నాడు.

"పెద్దమ్మా, ఆయన మమ్ముల జూసి భయపడ్డడట. గందుకే కోర్టు మారిందట. నిజమేనా?"

"అవ్, గట్లనే రాసిన్రు" అన్నాను.

"మరి గిది మా తప్పే గదా! పగోడైనా సరే, పంచాయితీకొచ్చినోడు భయపడితే మా గుంపుకే మాట. ఆయన భయం తియ్యాలె."

"ఎట్ల తీస్తవ్ బావా? తాయెత్తు కడ్తవా?" అంది ముత్తక్క.

"మన పద్ధతి లేదా ఏంది? కొమ్ములు కట్టి, డోళ్ళు గొట్టి, కాళ్ళు గడిగి తోలుకొస్తం. కాళ్ళు గడిగినంక ఎవడైనా భయపడ్తడా?"

అది వాళ్ళ ఆచారం. పంచాయితీకి రావడానికి జంకేవాడికి కొమ్ముల ఆటతో ఎదురుపోతారు. అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని, నెమలీకలు పెట్టుకుని, డోళ్ళు వాయిస్తూ ఎదురెళ్ళి, చెప్పులు విడిపించి, కాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. ఇక ఆ మనిషి మీద పంచాయితీ అయ్యేదాకా గుంపులో ఎవరూ చేయి ఎత్తకూడదు. ఎత్తినవాడికి గుంపులో నీళ్ళు పుట్టవు. ఇంతకంటే పెద్ద భరోసా వాళ్ళ దగ్గర లేదు.

"వద్దురా జంపయ్యా, ఖమ్మంల గవన్నీ ఎవరికి తెలుస్తయ్" అన్నాను నేను.

"మంత్రిగారొస్తే కలెక్టరాఫీసోళ్ళే మమ్ముల పిలిచి గిదే ఆట ఆడిపిస్తరు గద పెద్దమ్మా. అందరికీ తెలుసు!"

ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి బస్సెక్కించాను.

తర్వాతి వాయిదాకు ఇప్పలగుంపు మొత్తం ట్రాలీ ఆటోల్లో ఖమ్మం చేరింది. చెంచురామయ్య గారి కారు కోర్టు గేటు దగ్గర ఆగింది. ఆయన తలుపు తీసుకుని ఒక కాలు కింద పెట్టారో లేదో, డోళ్ళు మోగాయి! కొమ్ములు ఊగుతూ ముందుకొచ్చాయి. జంపయ్య ఎంతో ప్రేమగా ఆయన బూటు లాగాడు. ముత్తక్క చెంబుతో నీళ్ళు తెచ్చింది. మొగుణ్ణి చంపిన మనిషి పాదాల మీద ఆ నీళ్ళు ఆమే పోసింది, ఎందుకంటే ఆ పని బాధపడిన ఇంటివాళ్ళే చేయాలి. ఒక్క చుక్క పక్కకు ఒలకలేదట.

చెంచురామయ్య గారు అరిచిన అరుపు ఖమ్మం ఖిల్లా దాకా వినిపించి ఉంటుంది.

అనిల్‌కుమార్ గారి జూనియర్ ఫోనులో వీడియో తీశాడు. మళ్ళీ పిటిషన్. ఆ పిటిషన్ సంగతి ముత్తక్క నాకు చెప్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "తలలకు కొమ్ములు ధరించిన గుంపు, భీకర వాద్యములతో నా క్లయింటును చుట్టుముట్టినది. బలవంతముగా పాదరక్షలు తొలగించినది. సాక్షి స్వయముగా నా క్లయింటు పాదములపై గుర్తు తెలియని ద్రవము పోసినది."

గుర్తు తెలియని ద్రవం! మున్సిపాలిటీ నల్లా నీళ్ళు నాయనా అవి. ఒకరకంగా గుర్తు తెలియనివే అనుకోండి.

పైగా ఆ కొమ్ములు ఎక్కడివని అటవీశాఖవాళ్ళు జంపయ్యను పిలిచి అడిగారు. "మా తాత తలమీదియి సారూ" అన్నాడు. తాతను హాజరుపరచమనలేదు, అదృష్టం!

నాకు తెలియక అడుగుతాను, ఇన్నేళ్ళుగా మంత్రులు ఈ కొమ్ముల ఆట చూస్తూ నవ్వుతూ ఫోటోలు దిగుతున్నారు కదా? ఒక్కరైనా భయపడి జిల్లా మార్చుకున్నారా? మరి చెంచురామయ్య గారికి ఎందుకంత భయం వేసింది? సున్నితమైన మనసు, అంతే. సున్నితమైన మనసును కాపాడటానికే ఆ అధికారం ఉన్నది. కేసు వరంగల్‌కు మారింది.

వరంగల్! ఎంత గొప్ప పట్నం! ముత్తక్క ముందురోజే బయల్దేరి, కొత్తగూడెంలో బస్సు మారి, తెల్లవారేసరికి కోర్టు గేటు ముందు దిగేది. గుంపు జనం ఇక రాలేదు. వస్తే వాతావరణం చెడుతుంది కదా! జంపయ్య ఒక్కడు తోడొచ్చి, కొమ్ములు లేవని నిరూపించడానికి కాబోలు, గేటు బయట తలపాగా విప్పి కూర్చునేవాడు.

మొదటి వాయిదాకు అనిల్‌కుమార్ గారు కోయ భాష తెలిసిన మనిషిని పిలిపించాలన్నారు. సాక్షి ఇంటి భాషలో చెప్తేనే న్యాయం జరుగుతుందట. ఎంత పెద్ద మనసు! వరంగల్‌లో కోయ భాష తెలిసినవాళ్ళు దొరకలేదు, వాయిదా. మళ్ళీ దొరకలేదు, వాయిదా. భద్రాచలంలో అటెండరే కోయ మాట్లాడేవాడని ముత్తక్క చెప్పబోయింది గానీ, ఆ మాట కూడా కోయ తెలిసిన మనిషి వచ్చాకే చెప్పాలట!

ఆ వాయిదాల్లోనే ఒకరోజు క్యాంటీన్ దగ్గర ఒక వింత జరిగింది. ముత్తక్క చాయ్ ఊదుకుంటోంది. ఎదురుగా చెంచురామయ్య గారు చాయ్ పట్టుకుని నిలబడ్డారు. వకీలు పక్కన లేడు. చుట్టూ అంతా తెలియని మొహాలు. ఆయన అటూ ఇటూ చూసి, ఉండబట్టలేక అడిగేశారు.

"ఏం ముత్తక్కా, మన దగ్గర వాన పడిందా?"

"పడ్డది. వాగొచ్చింది" అందామె.

"చేను మునగలేదు కదా?"

"లే. నీళ్ళు తీగ దాకా రాలే."

చెంచురామయ్య గారు చాయ్ సగంలో పారబోసి వెళ్ళిపోయారు. ప్రాణభయం మళ్ళీ తిరగబెట్టినట్టుంది.

చివరికి ముత్తక్కకు విసుగొచ్చింది. "నాకొచ్చిన తెలుగుల చెప్త మేడమ్. నిలబడనియ్యిన్రి" అంది. జడ్జి ఒక నడివయసు ఆవిడ. మంచిది. "సరే, చెప్పమ్మా" అంది.

ముత్తక్క చెప్పింది. ఇప్పపూలు, గంప, పంది జాడ, వంగడం, పడటం, తీగ. అంతా చెప్పడానికి ఒక చాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఆ కాస్త మాట కోసం ఆమె ఎన్ని బస్సులెక్కిందో నేను లెక్కపెట్టను, కండక్టర్ల దగ్గర జీరోల లెక్క ఉంటుంది.

అనిల్‌కుమార్ గారు లేచారు.

"తెల్లవారకముందు చీకట్లో నీకు తీగ ఎట్లా కనబడింది?"

"కనబడలే సారూ. కనబడితే ఆయన్ని ఆపకపోదునా? ఆయన పడ్డంక కనబడ్డది."

"పోలీసులు వచ్చినప్పుడు అక్కడ తీగ లేదు. అవునా, కాదా?"

"అవ్. పోలీసులొచ్చే రోజు ఉండదు. మేం బోయే రోజు ఉంటది."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జి గారు నవ్వలేదు. కలం కింద పెట్టి అడిగారు.

"ఇప్పుడుందా?"

"ఉంది మేడమ్."

జడ్జి గారు ప్రభుత్వ వకీలు వైపు చూశారు. ఆయన వరంగల్ మనిషి. "మ్యాపు చూశాను మేడమ్, స్థలం చూడలేదు" అన్నాడు. పోలీసాయన వైపు చూశారు. కేసు రాసిన ఎస్సై ఎప్పుడో బదిలీ అయిపోయాడు, ఈయన కొత్త. "ఫైల్లో లేదు మేడమ్" అన్నాడు. అనిల్‌కుమార్ గారు తమకు సమాచారం లేదన్నారు.

అన్ని నల్లకోట్లు, అన్ని ఫ్యాన్లు, అన్ని బీరువాలు ఉన్న ఆ హాల్లో ఆ చేను కంటితో చూసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు బోనులో నిలబడ్డ ముత్తక్క. రెండోవారు చెంచురామయ్య గారు. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నారు.

"అమ్మా, నీకేమైనా భయముందా? ఎవరైనా బెదిరించారా?" అని అడిగారు జడ్జి గారు.

"నాకు మనుషుల భయం లేదు మేడమ్. ఆ సారుకు మేమంటే భయమని మీరు కోర్టు జాగ మార్చిన్రు, మంచిదే. మాకు తీగంటే భయం. దాని జాగ కూడా మార్పియ్యరాదున్రి?"

టైపు కొట్టే అమ్మాయి ఆగి, ఇది కొట్టాలా వద్దా అన్నట్టు చూసింది. అడిగిన ప్రశ్నకు జవాబు కాదు కదా! కొట్టలేదు.

కానీ జడ్జి గారు ఒక మాట రాశారు. తానే వచ్చి స్థలం చూస్తానని. పద్ధతి ప్రకారం ఉభయపక్షాలకూ నోటీసు ఇమ్మన్నారు.

నోటీసు చెంచురామయ్య గారికి వెంటనే అందింది. ఇప్పలగుంపుకు పోస్టు రాదు. మరి జడ్జి గారు వస్తున్నట్టు గుంపుకు ఎట్లా తెలిసిందంటారా? తీగ చుట్టేస్తుంటే తెలిసింది!

పొద్దున్నే పనివాళ్ళు తీగ చుట్ట చుట్టి ట్రాక్టరులో వేసుకుపోవడం ముత్తక్క చూసింది. గుడిసెలోకి పోయి గోడకున్న రాయిని ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

"ఆగు మరదలా! పంచాయితీ తేలనీ!" అని జంపయ్య వెనక ఉరికాడు.

"తేలేదాకా ఆగితే నాకు గూడ రాయి ఏరాలె బావా. ఇయ్యాల తీగ లేదు. మళ్ళ ఎప్పుడుంటదో ఎప్పుడుండదో. సారా తే, నడువ్!"

జడ్జి గారి కారు చేను దగ్గరికి వచ్చేసరికి, దూలయ్య పడిన చోట రాయి నిలబడి ఉంది. దాని అడుగున మట్టి తడిగా ఉంది, సారా వాసన వస్తోంది. ముత్తక్క దాని ముందు కూర్చుని మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది. కోయలోనే పిలుస్తోంది. ఆ పూట భాష తెలిసిన మనిషి కోసం ఎవరూ వాయిదా అడగలేదు.

జడ్జి గారు చెప్పులు విప్పి నిలబడ్డారు. గుంజల వైపు చూశారు, అడవి వైపు చూశారు, గుంపు వైపు చూశారు. చెంచురామయ్య గారు కారు దిగలేదు.

అనిల్‌కుమార్ గారు మాత్రం కాగితం తీశారు. "మేడమ్, ఈ రాయి నిన్నటిదాకా లేదు. ఘటనా స్థలాన్ని మార్చేశారు. ఇది నా క్లయింటును బెదిరించడమే. దీన్ని ఇక్కడి నుంచి తీయించాలి."

జడ్జి గారు ముత్తక్క వైపు చూశారు.

"తీస్త మేడమ్" అంది ముత్తక్క, లేవకుండానే. "ఆయన పడ్డ జాగ యాడికి మారుస్తరో చెప్పున్రి. రాయి గాడ పెడ్త."

జడ్జి గారు చూసింది రాసుకున్నారు. గుంజలున్నవి, తీగ లేదు, రాయి ఉన్నది. తీర్పు ఇంకా రాలేదు. రాయిని చూస్తుంటే తన క్లయింటుకు నిద్ర పట్టడం లేదనీ, విచారణ హైదరాబాదులో జరపాలనీ అనిల్‌కుమార్ గారు ఇంకో పిటిషన్ వేస్తున్నారట. వేయనివ్వండి. ముత్తక్క చార్మినారు కూడా చూడలేదు పాపం.

జడ్జి గారి కారు కనుమరుగైందో లేదో, ట్రాక్టరు తిరిగొచ్చింది. పనివాళ్ళు తీగ విప్పి గుంజ నుంచి గుంజకు కట్టుకుంటూ వచ్చారు. రాయి దగ్గరికి వచ్చి ఆగారు. వాళ్ళలో ఎవరూ చేయి వేయలేదు. చెంచురామయ్య గారికి ఫోను చేశారు. ఆయన, "దానికి దూరంగా కట్టండ్రా" అన్నారట.

ఇప్పుడు తీగ ఆ ఒక్కచోట లోపలికి వంగి, రాయికి నాలుగు బారల ఎడంగా పోతోంది. గుంపులో ఆడవాళ్ళు ఆ సందులోంచే అడవిలోకి పోతున్నారు. పోతూ పోతూ, కాస్త ఆగి, దూలయ్యను పలకరించి పోతున్నారు.

చూశారా, చెంచురామయ్య గారి భయం ఎంత శక్తిగలదో? అది కోర్టును ఖమ్మానికి నడిపించింది, వరంగల్‌కు నడిపించింది. చివరికి ఏ పిటిషనూ లేకుండానే తీగను కూడా జరిపించింది, ఒక రాయి ఉన్నంత మేర.

చేను చాలా పెద్దది. తీగ మొత్తంగా జరిగి పోవాలంటే ఇంకెన్ని రాళ్ళు కావాలో, వాటి కింద ఎవరెవరు పడాలో, అది మాత్రం మాకు ఏ ఊరి కోర్టులో అడగాలో తెలియడం లేదు.